మా తోటికోడలు ఇంటిపైకెక్కిన మాఘమాసం

మొన్న మాఘంలో మా అత్తవారి ఊరి మలుపు దగ్గర ఒక ఫ్లెక్సీ కట్టారు. అందులో ఉన్నది మా తోటికోడలు, అంటే మా ఆయన అన్నగారి భార్య, కాపరానికి వచ్చిన నాటి నుంచి నేను అప్ప అని పిలిచిన మనిషి. పెద్దకార్యానికని నర్సీపట్నం నుంచి ఆటోలో వెళ్ళి దిగేసరికి, గులాబీ పువ్వుల మధ్య నుంచి, రెండు తెల్లపావురాల కింద నుంచి ఆవిడ నన్ను చూస్తోంది. ఆధార్ కార్డు కోసం తీసిన ఫొటో అది. దానికి కంప్యూటర్లో జుట్టు నల్లబరిచి, నల్లపూసలు తప్ప వేరే బరువెరగని ఆ మెడకి కాసులపేరు తగిలించారు. కింది వరసలో చలవకళ్ళద్దాలు పెట్టుకున్న మా ఇంటి కుర్రాళ్ళ బొమ్మలు, ఒక్కొక్కటీ దాదాపు ఆవిడ మొహమంత. పైన పెద్ద అక్షరాల్లో ‘మృదుభాషిణి, సహనశీలి’ అని రాయించారు.

అక్షరం కనపడితే చదవకుండా దాటలేని అలవాటు నాది. అక్కడే ఎండలో నిలబడి ఆ రెండు మాటలూ మళ్ళీ చదివాను. జీవితంలో చాలా పుస్తకాలు చదివాను గాని, ఇంత తక్కువ చోటులో ఇంత పెద్ద అబద్ధం ఇమడ్చగలిగిన వాళ్ళు నాకు ఇంతవరకూ తగల్లేదు.

షామియానా కింద మరొక రకం ఫ్లెక్సీ నడుస్తోంది. అది నోటితో కట్టేది. ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న బంధువులు, మా వయసు వాళ్ళే, పాత రోజుల గురించి మాట్లాడుకుంటున్నారు. అప్పట్లో ఊళ్ళో మనుషులు ఒకరికొకరు ఎంత సాయంగా ఉండేవారో, పిలవకపోయినా వచ్చి పని చేసిపెట్టేవారో, ఆ మంచు పొద్దులూ, ఆ కొత్తబెల్లం వాసనా ఇప్పుడేవీ అని ఒకాయన గొంతు తడి చేసుకుని మరీ చెప్పాడు. ఆయన ఆ కొత్తబెల్లం తిన్నవాడే గాని వండినవాడు కాదు. చావింట్లో అబద్ధాన్ని పట్టుకోవడం మర్యాద కాదని పెద్దలు నేర్పారు, ఆ నేర్పిన పెద్దల్ని కూడా అలాంటి అబద్ధాలతోనే సాగనంపాం. కాని నేను కాపరానికి వచ్చిన ఏడాది మాఘం నాకు బాగా జ్ఞాపకం ఉంది. అది చూసినవాళ్ళు ఇప్పుడు ఇద్దరు ముగ్గురికి మించి మిగల్లేదు. మీలో నా ఈడు వాళ్ళు ఉంటే, మీకైనా చెప్పుకుంటాను.

సంక్రాంతి వెళ్ళిపోయాక శివరాత్రి వచ్చేలోపు పల్లెటూరి ఇంట్లో ఆడవాళ్ళకి ఏడాదిలో ఏ నెలా లేనంత పని. దాన్ని చల్లని కాలం అనేవాళ్ళు దుప్పటిలోంచి చూసినవాళ్ళు. మంచు ఆరితే కాయ చిట్లి గింజ నేలపాలవుతుంది కాబట్టి మినుము తీతకి తెల్లవారకముందే వెళ్ళాలి, మోకాళ్ళ దాకా చీర తడిసి ముద్దై, తిరిగొచ్చేటప్పుడు ఒంటిమీదే ఆరాలి. చెరుకాకు చేతులు కోస్తుంది. ఆ కోతల మీద చింతపండు గింజ తీస్తే పులుపు ఎక్కి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. గానుగ దగ్గర మన వంతు వచ్చినప్పుడు పెనం కింద పిప్పి ఎగదోస్తూ కూర్చుంటే ముందు వైపు కాలుతుంది, వెనక వైపు వణుకుతుంది. ఏజెన్సీ నుంచి కొండ మనుషులు చీపుళ్ళూ పసుపూ వెదుళ్ళూ సంతకి దింపేది కూడా ఆ రోజుల్లోనే. ఏడాదికి సరిపడా అన్నీ అప్పుడే కొనుక్కోవాలి. ఇవన్నీ ఒక ఎత్తు, ఇల్లు కప్పుకోవడం ఒక ఎత్తు.

మాది తాటాకిల్లు. ఎండాకాలం గాలులు మొదలు కాకముందే కుళ్ళిన ఆకు తీసేసి కొత్తాకు వెయ్యాలి. వీధిలో అన్నీ అలాంటి ఇళ్ళే కాబట్టి దానికి కూలి ఇవ్వడం ఉండేది కాదు. వాళ్ళింటికి మన మగవాళ్ళు వెళ్తారు, మనింటికి వాళ్ళు వస్తారు, ఎవరిల్లు కప్పితే వాళ్ళు భోజనం పెడతారు. షామియానా కింద ఆయన గొంతు తడి చేసుకున్న సాయం ఇదే. మా ఇంటికి వచ్చిన సాయం ఎలాంటిదో చెబుతాను. నేను కాపరానికి రాకముందు ఏడు, వీధి మగవాళ్ళంతా వచ్చి, పొద్దెక్కేదాకా చుట్టలు కాల్చి, మధ్యాహ్నం పీకలదాకా తిని, తిన్నది బరువై, ఆకుకీ ఆకుకీ మధ్య వేలు దూరేంత సందు వదిలి కప్పి వెళ్ళిపోయారట. ఆ వానాకాలం గాదెలో ధాన్యం తడిసి మొలకెత్తింది. మా మావగారూ బావగారూ తమలో తాము గొణుక్కుని ఊరుకున్నారు. అప్ప ఊరుకోలేదు. నుయ్యి దగ్గర అందరూ ఉండగా, చేద చేతిలో పట్టుకునే ఒక్క మాట అంది.

“మా ఇంటిమీద ఏసిన తాటాకులకంటే మా వోకిట్లో లేసిన ఇస్తరాకులే ఎక్కువ.”

తిండి ఎత్తి చూపిందని వీధి వీధంతా అలిగింది. అరిసెలకీ పిలుపుల్లేవు, అగ్గికీ పలుకుల్లేవు. ధాన్యం మొలకెత్తిందన్న సంగతి ఎవరికీ పట్టలేదు, ఇస్తరాకుల మాటే పట్టింది. మనుషులు తమ తప్పుని మరిచిపోవడానికి ఎదుటివాళ్ళ నోటిని ఎంత గట్టిగా పట్టుకుంటారో నేను మొదటిసారి చూసింది అక్కడే.

ఆ మాఘానికి నేను కొత్త కోడల్ని. యలమంచిలిలో బడిపంతులు గారి అమ్మాయిని, పదో తరగతి చదివాను, ఒక ట్రంకుపెట్టె నిండా పుస్తకాలతో వచ్చాను. ఆ పుస్తకాల్లో పల్లెటూళ్ళు ఎలా ఉండేవో చెప్పి మిమ్మల్ని విసిగించను. ఆకు కొట్టించి, చదునుగా పరిచి, పైన బండలు పెట్టి ఎండనిచ్చి సిద్ధం చేశారు. కొండవాళ్ళ దగ్గర వెదురు కొన్నారు. కప్పడానికి మాత్రం ఒక్క మగవాడు రాలేదు. పొరుగూరి నుంచి కూలికి తెచ్చుకోవడమంటే సొంత వీధి వెలివేసిందని చాటుకోవడమే, అది మా మావగారి మీసానికి ఒప్పలేదు. కొడుకులిద్దర్నీ తీసుకుని తనే ఎక్కొచ్చు గదా అని మీకు తోచవచ్చు. నాకూ తోచింది. వీధి వచ్చి కప్పవలసిన ఇంటిని తనే కప్పుకోవడం ఇంకా తక్కువతనమని ఆయన అభిప్రాయం. ఆ రోజుల్లో మగవాళ్ళ దగ్గర పని కన్నా అభిప్రాయాలు ఎక్కువ ఉండేవి.

చివరికి మా అత్తగారు తీర్పు చెప్పింది. అప్పకి పెళ్ళై చాలా ఏళ్ళైనా పిల్లలు లేరు. ఆ మాట అత్తగారి నోట్లో ఎప్పుడూ తయారుగా ఉండేది.

“నీ నోటి మూలంగా వచ్చినాది ఇది. వీదిలో ఇంటింటికీ ఎల్లి కాళ్ళు పట్టుకుంతావో ఏటి సేస్తావో, శివరాత్రికి కప్పు పడాల. పడకపోతే నీ నోరట్టుకుని నీ కన్నోరింటికి పో. నా కొడుక్కి ఇంకో సంబందం సూసుకుంతాను.”

అది బెదిరింపు కాదు. కోటవురట్ల వైపు ఒక పిల్లని చూసొచ్చారని అప్పకీ తెలుసు, నాకూ తెలుసు. కన్నవారింట్లో అప్పకి వదినలు తప్ప ఎవరూ మిగల్లేదు. వెళ్ళిపోతే ఆవిడకి చూరుకింద చోటు కూడా ఉండదు. తీర్పు చెబుతున్నంతసేపూ మా బావగారు ఎద్దు మెడ నిమురుతూ నిలబడ్డారు. తరవాత కూడా ఆయన చేసిన పని అదే. ఆయన మంచివాడని అందరూ అంటారు. ఆయన్ని గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు గనక అంటారు.

అప్ప ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. మర్నాడు మంచు తెరిపివ్వకుండానే మావగారి నులకమంచం అరుగు మీది నుంచి లోపలికి ఈడ్చింది. ఆయన చుట్టల పెట్టె తీసుకెళ్ళి అటక మీద పెట్టింది. ఎందుకని అడిగితే, మంచుకి మెత్తబడతాయి అంది. తరవాత చీర గోచీ పోసి, ఆకు కోసుకునే కత్తి నడుముకి దోపుకుని నన్ను పిలిచింది.

“ఏటే సదువులమ్మా, నిచ్చెన అట్టుకుంతావా, ఎలగెక్కాలో పుస్తకంలో సూసొస్తావా?”

ఆడది ఇంటిపైకెక్కడం మా వైపు లేని పని. ఆడదాని కాళ్ళకింద మగవాడు నడవకూడదు, ఆరేసిన చీర కింద నుంచి కూడా వంగి వెళ్ళకూడదు. ఇంటికప్పు మీద ఆడది ఉన్నంతసేపూ ఆ ఇంట్లోకి మగవాడు అడుగు పెట్టడు. అలాంటి పని ఎవరూ చెయ్యలేదు కాబట్టి అంతదాకా ఆ ఆంక్షకి పరీక్ష రాలేదు. పాతాకు లాగి కింద పడేస్తుంటే మసీ దుమ్మూ లేచి మా ఇద్దరి మొహాలూ ఒకేలా అయ్యాయి. అప్పుడే చేను నుంచి వచ్చిన మావగారు గుమ్మంలో కాలు పెట్టి తలెత్తారు. వాసాల సందులోంచి పెద్దకోడలి మడమ కనపడింది. నిప్పు తొక్కినట్టు కాలు వెనక్కి తీసుకున్నారు.

అరుగు కూడా చూరు కిందే కాబట్టి అక్కడా కూర్చోలేక, తండ్రీ పెద్దకొడుకూ వీధిలో విప్పి ఉన్న ఎడ్లబండి మీద కూర్చున్నారు. మా ఆయనకి అప్పుడు నర్సీపట్నంలో గుమాస్తా ఉద్యోగం. చొక్కా లోపల చిలక్కొయ్యకి ఉంది, అమ్మా అమ్మా అని అరిచినా మా అత్తగారు కోపంతో పలకలేదు. నిచ్చెన మీదున్న నా వైపు ఒకసారి చూసి, పక్కింటి పెత్తల్లి కొడుకు దగ్గర మోకాళ్ళ దాకా వచ్చే చొక్కా ఒకటి అరువడిగి తొడుక్కుని ఆఫీసుకి పోయారు. మాటలు పోయిన ఇంటి నుంచి మొదట వచ్చిన సాయం ఆ చొక్కా.

పొద్దెక్కేసరికి వీధంతా పోగైంది. పని చెయ్యడానికి రాని వాళ్ళకి చూడటానికి తీరిక దొరికింది. అందరికన్నా ముందు మా చినమావగారు, అంటే మావగారి తమ్ముడు, కిందటేడు అందరికన్నా ఎక్కువ విస్తళ్ళు లేపినాయన, చేతులు నడుమున పెట్టుకుని వచ్చారు.

“దిగే తల్లీ, దిగు. ఊరు నవ్వుతంది.”

“నవ్వనీ మావా. నవ్వినోళ్ళకి బోజనం ఎట్టక్కర్లేదు కదా.”

“ఆడది ఇంటిమీద కూకుంటే మగోడు లోపలికెలాగెల్తాడే?”

“ఎల్లొద్దు. కిందటేడు తిన్నది అరగాల కదా, కాసేపు ఈదిలో తిరగండి.”

“నువ్వు ఎక్కింది ఇల్లే, సింహాసనం కాదు!”

“మరి నువ్వెక్కు మావా, ఇస్తాను. మా ఇంట నీకు ఎక్కడం వొచ్చింది పీట ఒక్కటే కదా.”

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆయన చుట్ట ఆరిపోయింది. నేను నిచ్చెన మీద ఆకులు అందిస్తూ అందిస్తూ ఎప్పుడు వాసాల మీదికి చేరానో నాకే తెలియలేదు. నేను పైకి వచ్చాక అప్ప నిచ్చెన కూడా పైకి లాగేసింది. అంతకుముందే తాళ్ళు కట్టి ఉంచిన ఆకు మోపుల్ని పైనుంచే లాక్కున్నాం. నార చేతులు కోసింది, ఈనెలు గోళ్ళలో దిగాయి, అవన్నీ ఉన్నమాటే గాని ఆ పైనుంచి వీధిని చూడడం బాగుంది. ఎత్తు నుంచి చూస్తే పెద్దమనుషుల బట్టతలలు తప్ప ఇంకేమీ కనపడవు.

మధ్యాహ్నం దాటేసరికి రెండు వాలులూ కప్పేశాం, మరీ అందంగా కాదు గాని సందు లేకుండా. ఆ రెండూ కలిసే నడికొప్పు మిగిలింది. కొప్పు మీద ఆకు వంచి రెండు పక్కలా బరువు పెట్టి ఒకేసారి బిగించాలి, దానికి అటూ ఇటూ మనుషులు కావాలి. అది కట్టకపోతే మొదటి గాలికే చేసిందంతా లేచిపోతుంది. అప్ప కొప్పు వాసానికి అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుంది. దిగుదామా అన్నాను. కూకో అంది. కూర్చున్నాను. కిందా పైనా కాకుండా, ఏం జరుగుతుందో తెలియకుండా.

సాయంత్రమైంది. చలి దిగింది. మావగారు బండిమీద దగ్గుతున్నారు. అన్నం బండి దగ్గరికే తెచ్చి పెట్టింది అత్తగారు, మంచం మాత్రం తన నడుంనొప్పితో గుమ్మం దాటించలేకపోయింది. చుట్టల పెట్టె తెమ్మంటే అటక అందదు, నిచ్చెన మా దగ్గరుంది. పొద్దున్నించీ పొగ లేని మనిషి. కాసేపు బండి దిగారు, కాసేపు ఎక్కారు, ఒకసారి గుమ్మం దాకా వచ్చి మా కాళ్ళు చూసి వెనక్కి పోయారు. దీపాలు పెట్టే వేళకి ఆయన కండువా దులుపుకుని ఎదురుగా తమ్ముడింటి వైపు నడిచారు. ఏడాదిగా తొక్కని గుమ్మం అది.

పైనుంచి అంతా వినపడింది. ఒక చుట్ట ఇవ్వరా అన్నారు. తమ్ముడు ఇవ్వలేదు, అలాగని పొమ్మనలేదు. మా మావగారు గుమ్మంలో నిలబడే అన్నారు: “ఆడగుంట, నోరు జారింది. అయినా మీరు పలసగా ఏసింది అబద్దమేట్రా? రండ్రా బాబూ, సలేస్తంది.” ఏడాదిగా మా అత్తగారు అప్ప చేత పట్టించాలనుకున్న కాళ్ళు మావగారు ఒక చుట్ట కోసం పట్టుకున్నారు. చుట్ట వెలిగింది. ఆ వెలుగులో తమ్ముడి మొహం కనపడింది, గెలిచిన మొహమే. వాళ్ళకి కావలసింది మన్నింపు కాదు, ఎవరో ఒకరు గుమ్మంలోకి వచ్చి నిలబడడం.

మగవాళ్ళు తమ నిచ్చెనలతో వచ్చారు. ముందు మీరు దిగండి, మేం ఎక్కుతాం అన్నారు. అప్ప దిగలేదు. కొప్పు కట్టేదాకా దిగను, ఆకు మందంగా వేస్తే సరి, లేకపోతే మావ రాత్రంతా బండిమీదే అంది. పక్కనే కూర్చుని ప్రతి కట్టూ వేలితో లాగి చూసింది. కట్టడం అయ్యాకే మేం దిగాం. మా మావగారు పరుగులాంటి నడకతో లోపలికి వెళ్ళి మంచం మీద పడ్డారు. ఎవరూ ఎవర్నీ మెచ్చుకోలేదు. అప్ప కాళ్ళు కడుక్కుని, అందరికీ ఉలవచారూ అన్నం వడ్డిస్తూ, చినమావగారి విస్తరి దగ్గర ఆగింది.

“కడుపునిండా తిను మావా. ఈపాలి ఆకు కనపడతంది.”

ఆయన తలెత్తకుండా ఇంకో ముద్ద పెట్టుకున్నారు.

మర్నాడు మినపచేలో, మంచులో వంగి మొక్క పీకుతూ అడిగాను, నిజంగా మనమిద్దరమే కప్పేద్దామనుకున్నావా అప్పా అని.

“నాకేటి పిచ్చా? నడికొప్పు ఇద్దరాడోళ్ళు కడతారేటి? మావ సుట్ట లేకుండా మద్దేన్నం దాకా ఆగుతాడనుకున్నాను. పొద్దుగూకీదాకా ఆగినాడు. గట్టోడే.” ఇంకో మొక్క పీకి మళ్ళీ అంది, “కాళ్ళు మాత్తరం ఒణికినాయే. కన్నోరింటికి పోవాల్సొత్తాదని.” ఆవిడ నోట భయం అన్నది నేను విన్నది ఆ ఒక్కసారే. అంత మెల్లగా మాట్లాడిందీ ఆ ఒక్కసారే. ఫ్లెక్సీ రాయించినవాళ్ళు ఆ పూట అక్కడ లేరు కాబట్టి దాని గురించి అని ఉండరు.

కోటవురట్ల సంబంధం మాట మళ్ళీ రాలేదు. మా అత్తగారి మనసు కరిగి కాదు, శివరాత్రికి కప్పు పడింది కాబట్టి, ఇంకోసారి కోడలు ఎక్కుతుందేమోనన్న బెంగ కొద్దీ. నా పిల్లలిద్దర్నీ అప్ప పెంచింది, తిట్టి పెంచింది. వాళ్ళ పిల్లల్నీ తిట్టింది. పోయేముందు ఆసుపత్రిలో నర్సుని కూడా తిట్టిందట, సూది సరిగ్గా గుచ్చలేదని. అది విని ఆవిడ ఇంకా కొన్నాళ్ళు ఉంటుందనుకున్నాను.

తరవాత తాటాకు పోయి పెంకు వచ్చింది, పెంకు పోయి శ్లాబు వచ్చింది. శ్లాబుకి మాఘంలో ఎవర్నీ పిలవక్కర్లేదు. పిలవక్కర్లేదు కాబట్టి ఎవరితోనూ పడకపోయినా ఇల్లు నిలుస్తుంది. ఇప్పుడు ఆ వీధిలో అందరూ అందరి గురించీ మంచిగానే మాట్లాడతారు. పలచగా కప్పారని చెప్పేవాళ్ళు లేరు, కప్పేవాళ్ళూ లేరు. దీన్ని పోయిన మంచితనం అని షామియానా కింద ఏడుస్తున్నారు. పోయింది మంచితనం కాదు, ఒకరి చేతులు ఒకరికి కావలసిన అవసరం. అది ఉన్నన్నాళ్ళూ మనం ఒకర్నొకరం భరించాం, అంతే. ఆ భరించడం కూడా ఇప్పుడు లేదని తలచుకుంటే, ఇంత చెప్పిన నాకూ ఎందుకో ఆ షామియానా కింద కుర్చీ వేసుకోవాలనిపిస్తుంది.

నెల మాసికానికి మళ్ళీ ఊరెళ్ళాను. మలుపులో ఫ్లెక్సీ లేదు. పశువులపాక రేకు చిల్లుపడిందని, మా మనవడు దాన్ని విప్పి తెచ్చి పాక మీద కట్టాడు. బొమ్మవైపు కిందికి పెట్టాడు. ఎందుకురా అంటే, “ఎండకి రంగెలిసిపోద్ది కదా మామ్మా, లోపలుంటే పెద్దమామ్మ బాగుంతాది” అన్నాడు. వాడికి ఆవిడంటే ఇష్టమే. ఆ చలవకళ్ళద్దాలవాడు వీడే.

పాలబకెట్టు పట్టుకుని వాడు లోపలికి వెళ్ళాడు, వాడి వెనక వాళ్ళ నాన్న, ఆ వెనక ఇంకెవరో. తలలు వంచుకుని ఆవిడ కిందనుంచి అటూ ఇటూ తిరుగుతున్నారు. మృదుభాషిణి అన్న మాట ఒక వెదురు బద్ద వెనక్కి పోయింది. మొహం మాత్రం నడికొప్పు దగ్గర సరిగ్గా కనపడుతోంది, కిందికి చూస్తూ.

నన్ను లోపలికి రమ్మన్నారు. నేను వెళ్ళలేదు. చాలాసేపు బయటే నిలబడ్డాను, ఆవిడ దిగుతుందేమోనని.